బుధవారం ఎటు పోవాలె?

(చదువు కేంద్రంలో పది మంది ముందు చదివి వినిపించే ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్లారా, పెద్దమ్మలారా! వెనుక కూర్చున్న అన్నలారా, తమ్ముళ్లారా!



ఈ దినం మాట్లాడుకునే సంగతి చూడడానికి చిన్నది. కాని ప్రతి ఇంటికీ వచ్చేది. ఒక్కోసారి ఒకే దినం రెండు పనులు పడతాయి. ఒకటి కూలి పని. రెండోది పసిబిడ్డకు టీకా వేయించే పని. కూలి పోతే వెంటనే తెలుస్తుంది. పొయ్యి మీద గిన్నె ఎక్కదు. టీకా పోతే వెంటనే ఏమీ తెలియదు. బిడ్డ నవ్వుతూనే ఉంటుంది. అందుకే ఈ పోటీలో ఎప్పుడూ టీకాయే ఓడిపోతుంది.

అట్లా ఓడిపోవాలా? దీన్ని ఆలోచిద్దాం. చాటలు పక్కన పెట్టనక్కర లేదు. చేతులతో బీడీలు చుట్టుకుంటూనే చెవులు ఇటు పెట్టండి.

ఒక ఇంటి ముచ్చట

చందుర్తి మనకు తెలిసిన ఊరే. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. ఇటు సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు. అటు జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫ్ ప్రయాణాలు. ఎటు పోయినా ఆడవాళ్ల ఒడిలో బీడీల చాట.

ఈ వైపు ఒక ఇల్లు ఉందనుకుందాం. పేర్లు మనకు వద్దు. ఇట్లాంటి ఇండ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇంట్లో అత్త, కోడలు, కోడలి బిడ్డ ఉంటారు. కోడలి భర్త ఖతర్‌లో పని చేస్తాడు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండి వారం అయింది. కోడలు చిన్నప్పుడు మూడో తరగతితో బడి మానేసింది. పెండ్లయినంక మళ్లీ అక్షరాలు దిద్దుకున్నది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. సంఘం పుస్తకంలో తన లెక్క తానే చూసుకుంటుంది.

మంగళవారం సాయంత్రం ఆశ కార్యకర్త గడపలో నిలబడి చెప్పింది.

“చెల్లె! రేపు బుధవారం. అంగన్వాడీల టీకాలు ఏస్తరు. నీ బిడ్డకు తొమ్మిది నెలల సూది ఉన్నది. పది గంటలకు పట్టుకొని రా. కార్డు మరువకు.”

కోడలు తల ఊపింది. కాని గుండెలో రాయి పడింది. ఎందుకంటే బీడీలు అప్పజెప్పే దినం కూడా బుధవారమే.

వెయ్యి బీడీలు అప్పజెప్పాలి. ఇంకా మూడు వందలు తక్కువ ఉన్నాయి. పొద్దున్నే కూర్చుంటే గాని కార్ఖానా వేళకు అందవు. రాత్రి కూర్చుందామంటే బిడ్డ ఒడి దిగదు. తంబాకు ఘాటు దగ్గర పసిపిల్లను ఉంచవద్దని నర్సమ్మ ముందే చెప్పింది. బీడీలు అప్పజెప్పకపోతే కొత్త ఆకు, తంబాకు ఇవ్వరు. నెలలో అన్ని దినాలూ పని దొరకదు. దొరికిన దినాలే దినాలు. ఇంట్లో చుట్టేవారికి చుట్టిన లెక్కకే కూలి. చుట్టని పూటకు కూలి లేదు. పైగా గురువారం సంఘం కిస్తు కట్టాలి.

అత్తకు ఈ సంగతి చెప్పింది.

“మా కాలంల ఏడియి బిడ్డా ఈ సూదులు? మేము బతుకలేదా?” అన్నది అత్త. “సూది ఏస్తే జరం వస్తది. పోరి రాత్రంతా ఏడుస్తది. రేపటి పని పాయె, ఎల్లుండి పని పాయె. వచ్చే వారం సూద్దాం తియ్యి.”

అత్తకు మనుమరాలి మీద ప్రేమ లేక అన్న మాట కాదు ఇది. ఆమెకు ఇల్లు గడిచే లెక్క తెలుసు. జ్వరం వస్తుందన్న మాట కూడా అబద్ధం కాదు. టీకా తర్వాత కొందరు పిల్లలకు ఒకటి రెండు దినాలు ఒళ్లు వెచ్చబడుతుంది. కాబట్టి అత్తను తప్పు పట్టవద్దు. తక్కెడ తెచ్చి రెండు వైపులా తూచుదాం.

తక్కెడలో రెండు తట్టలు

మొదటి తట్టలో ఏమున్నది? వెయ్యి బీడీల కూలి. సంఘంలో మాట. రెండు దినాల పని. ఇవి చిన్నవి కావు. “కూలి పోతే పోనీ” అని చెప్పడం సులువు. చెప్పేవాళ్లకు నెల జీతం ఉంటే ఇంకా సులువు. కాని పోయిన కూలిని తర్వాత కూడదీసుకోవచ్చు. కష్టమే అయినా దారి ఉన్నది.

రెండో తట్టలో ఏమున్నది? తొమ్మిది నెలల సూది. ఇది ముఖ్యంగా తట్టు రోగానికి వేసే సూది. దీనిలోనే రూబెల్లా అనే రోగానికి కూడా మందు ఉంటుంది. మన తెలంగాణలో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేండ్ల లోపు పిల్లలందరికీ ఈ సూది వేశారు. బడులకు నర్సమ్మలు వచ్చి వేసిన సంగతి మీలో చాలా మందికి గుర్తుండే ఉంటుంది.

తట్టు అంటే ఒంటి మీద ఎర్రగా పేలి, పోయేది అనుకుంటాం. “అమ్మతల్లి వచ్చింది, పోతుంది” అంటాం. కొందరికి అట్లాగే పోతుంది. అందరికీ పోదు. కొందరు పిల్లలకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. కొందరికి విరేచనాలు పట్టి ఒళ్లు ఎండిపోతుంది. కొందరికి చూపు పోతుంది. ప్రాణం పోయే పిల్లలూ ఉన్నారు. తట్టును చంపే మందు లేదు. రాకుండా ఆపే టీకా మాత్రం ఉన్నది. 1963లో ఈ టీకా వచ్చింది. అంతకు ముందు లోకం మొత్తం మీద ఏడాదికి దాదాపు 26 లక్షల మంది తట్టుతో చనిపోయేవారు.

తట్టు గాలిలో వస్తుంది. తట్టు వచ్చిన పిల్ల దగ్గి పోయినా, ఆ గదిలో రెండు గంటల దాకా దాని విషం ఉంటుంది. టీకా లేనివారు పది మంది ఆ పిల్ల దగ్గర ఉంటే, తొమ్మిది మందికి అంటుకుంటుంది. మన బీడీల ఇండ్లు ఎట్లా ఉంటాయి? ఒకే అరుగు మీద అయిదారుగురు తల్లులు. పక్కనే వాళ్ల పిల్లలు. ఒక్క పిల్లకు వస్తే చాలు.

మరి పుట్టగానే ఎందుకు వేయరు? తల్లి ఒంటి నుంచి వచ్చిన కాపుదల కొన్ని నెలలు బిడ్డలో ఉంటుంది. అది ఉండగా వేస్తే సూది బాగా పనిచేయదు. తొమ్మిది నెలలకు ఆ కాపుదల తగ్గిపోతుంది. అంటే ఆ వేళకు బిడ్డ గొడుగు లేకుండా వానలో నిలబడ్డట్టే. అందుకే తొమ్మిది నెలలు నిండగానే సూది. పదహారు నెలల నుంచి రెండేండ్ల లోపల ఇంకోటి. మొదటి సూదితో వందలో 85 మంది పిల్లలకే కాపుదల వస్తుంది. మిగిలిన వారి కోసం రెండోది. కాబట్టి “ఒకటి వేయించాం, చాలు” అనుకోవద్దు.

ఇదే దినం న్యుమోనియా టీకా, పోలియో సూది, విటమిన్ ఏ మందు కూడా ఇస్తారు. ఒక్క పూట పోతే ఇన్ని పనులు అవుతాయి.

నర్సమ్మ ఆ దినమే ఎందుకు?

“నర్సమ్మ మన వీలు చూసుకొని రావచ్చు కదా?” అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. దానికి జవాబు సీసాలో ఉన్నది.

టీకా మందు ఎండకు పాడవుతుంది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. అందుకే మంచు పెట్టిన పెట్టెలో తెస్తారు. తట్టు టీకా పొడిగా వస్తుంది. నీటి మందుతో కలపాలి. ఒక్క సీసాలో ఒక్క బిడ్డకు కాదు, చాలా మంది బిడ్డలకు సరిపోయే మందు ఉంటుంది. కలిపిన తర్వాత నాలుగు గంటల్లో వాడాలి. మిగిలితే పారబోయాలి. మన్నాడు వాడితే ప్రమాదం. అందుకే పిల్లలందరినీ ఒక చోట, ఒక పూట రమ్మంటారు. మన దగ్గర బుధవారం, శనివారం టీకాల దినాలు అయింది ఇందుకే.

కార్ఖానా వేళ కార్ఖానాకు ఉన్నట్టే, సీసా వేళ సీసాకు ఉన్నది.

ఖతర్ నుంచి ఫోను

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటికి పోదాం.

రాత్రి ఖతర్ నుంచి భర్త ఫోను వచ్చింది. కోడలు సంగతి చెప్పింది.

“రేపు బీడీలే సూస్కో” అన్నాడు అతను. “కిస్తు తప్పితే సంఘంల మాట పడ్తం. సూది యాడికి పోతది?”

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

“నువ్వు ఖతర్ పోయినప్పుడు రెండో సూది కోసం ఎన్ని దినాలు ఆగినవ్? అప్పుడు పని పోతదేమోనని భయపడ్డం. కని సూది యాడికి పోతదని అన్నమా?”

ఫోనులో అటు నుంచి మాట లేదు.

ఆ సంగతి ఏమిటంటే, 2021 జనవరి 16న మన దేశంలో కరోనా టీకాలు మొదలయ్యాయి. ఆ ఏడు మే నెలలో కోవిషీల్డ్ రెండు సూదుల నడుమ ఎడం పెంచారు. 84 దినాలు దాటితే గాని రెండోది వేసేవారు కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్లకు ఇది పెద్ద చిక్కయింది. ఒక పక్క వీసా గడువు. ఒక పక్క సూది గడువు. రెండు సూదుల కాగితం లేక ప్రయాణాలు ఆగిపోయాయి. 2021 జూన్ 7న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక సడలింపు ఇచ్చింది. చదువుకు, కొలువుకు విదేశం పోయేవారు, టోక్యో ఒలింపిక్స్‌కు పోయేవారు 28 దినాలు దాటితే రెండో సూది వేసుకోవచ్చన్నది. సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు వేయించుకొమ్మన్నది. అప్పుడు ఎంతో మంది పాస్‌పోర్టు చేత పట్టుకొని వరుసలో నిలబడ్డారు.

చూశారా? అప్పుడు పని ఇచ్చేవాళ్లే టీకా కాగితం అడిగారు. కాబట్టి ఎవరూ టీకాను వాయిదా వేయలేదు. పసిబిడ్డను కాగితం అడిగే సేటు ఎవడూ లేడు. ఆ బిడ్డ తరఫున అడగవలసింది తల్లీ తండ్రీ.

కొంచెం సేపటికి భర్త అన్నాడు. “సరే. పొద్దుగాల్నే పట్కపో. కిస్తుకు తక్కువైతే నాకు ఫోన్ జెయ్యి.”

అత్త భుజం మీది మచ్చ

ఫోను మాటలు అత్త విన్నది. “మరి మాకెవరు ఏసిండ్రు సూదులు?” అని గొణిగింది.

కోడలు అత్త దగ్గరకు జరిగింది. అత్త చేతిని పట్టుకున్నది. భుజం కింద పావలా బిళ్లంత మచ్చ ఉన్నది. గుండ్రంగా, లోతుగా ఉన్నది.

“ఇది ఏంది అత్తమ్మా?”

అత్త మచ్చను తడుముకున్నది. “ఇదా? చిన్నప్పుడు టీకాలోళ్లు పొడిసింది. మా అవ్వ నన్ను సంకనేస్కొని పోయిందట. ఆ దినం దొర పొలంల నాటు ఉండెనట. కూలి పోయిందని మా నాయన లొల్లి జేసిండట.”

చెప్పి, తానే ఆగిపోయింది.

అక్కలారా! మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల చేతులు చూడండి. చాలా మందికి ఆ మచ్చ ఉంటుంది. అది మశూచి టీకా మచ్చ. మశూచిని పెద్ద అమ్మవారు అనేవారు. అది వస్తే చాలా మంది చనిపోయేవారు. బతికితే మొహం నిండా గుంటలు. కొందరికి చూపు పోయేది. ఇంటింటికీ తిరిగి టీకాలు వేశారు. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో లోకంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇప్పటి పిల్లల చేతుల మీద ఆ మచ్చ ఉండదు. ఆ రోగమే లేదు కాబట్టి ఆ టీకా అక్కర లేదు.

పోలియో సంగతీ అంతే. మునుపు కాలు చచ్చుబడిన పిల్లలు ఊరికి ఒకరిద్దరు కనపడేవారు. 1995లో పల్స్ పోలియో మొదలయింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో ఒక చిన్నపిల్లకు పోలియో వచ్చినట్టు గుర్తించారు. మన దేశంలో సహజ పోలియో వైరస్‌తో వచ్చిన వాటిలో అదే చివరిది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చింది.

“మా కాలంలో సూదులు లేవు” అని పెద్దలు అంటారు. ఉన్నాయి. వాళ్ల కోసం ఎవరో ఒక తల్లి ఒక దినం కూలి పోగొట్టుకున్నది. ఆ కూలి ఎంతో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆ మనిషి మాత్రం మన ముందు కూర్చొని ఉన్నది.

అత్త చాట దగ్గరకు జరిపించుకున్నది. “నాకు వేళ్లు వంగవు గని, వంద బీడీలన్న చుడ్త” అన్నది.

చాటకూ బదులు

ఇంకా రెండు వందలు మిగిలాయి. కోడలు పక్కింటికి పోయింది.

“అక్కా! రేపు నాకు రెండు వందల బీడీలు చుట్టిస్తవా? నీకు పని పడ్డనాడు నేను చుడ్త.”

పక్కింటామె నవ్వింది. “నాట్లకు బదులు పోతం గద చెల్లె. చాటకు బదులు పోకూడదా? వచ్చే బుధవారం మా బిడ్డకు కడుపుతోని ఉన్నోళ్ల సూది ఉన్నది. అప్పుడు నువ్వు చుట్టు. నా బీడీలతోటి నీయి గూడ కార్ఖానల అప్పజెప్త.”

మన్నాడు పది గంటలకు కోడలు బిడ్డను ఎత్తుకొని అంగన్వాడీకి పోయింది. సూదులు వేశారు. నర్సమ్మ చెప్పినట్టు అరగంట అక్కడే కూర్చున్నది. జ్వరం వస్తే ఎంత మందు పోయాలో అడిగి తెలుసుకున్నది. సూది వేసిన చోట పసుపు, నూనె వంటివి ఏవీ రాయవద్దన్నారు. మళ్లీ ఎప్పుడు రావాలో కార్డు మీద రాయించుకొని, అక్కడే ఒకసారి చదువుకున్నది.

నష్టం ఏమీ కాలేదని చెప్తే అబద్ధం అవుతుంది. అత్త చుట్టిన బీడీల్లో కొన్నింటికి మూతి సరిగ్గా మలవలేదని కార్ఖానాలో ఏరేశారు. కూలి తగ్గింది. కిస్తుకు కొంచెం తక్కువ పడితే పక్కింటి నుంచి చేబదులు తెచ్చింది. రాత్రి బిడ్డకు జ్వరం కూడా వచ్చింది. మందు పోశారు. మన్నాటి సాయంత్రానికి తగ్గింది. ఆ దినం బీడీలు సగమే అయ్యాయి.

కాని వారం లోపల ఆ అప్పు తీరింది. బిడ్డకు వచ్చిన కాపుదల మాత్రం తీరిపోయేది కాదు.

ఎట్లా చూసినా పోలేకపోతే?

కొన్ని దినాలు నిజంగా కుదరదు. ఇంట్లో చావు ఉంటుంది. బస్సు ఉండదు. చుట్టిచ్చేవారు దొరకరు. అప్పుడేం చేయాలి?

మొదటిది: ఆశ కార్యకర్తకు ముందే చెప్పండి. శనివారం ఎక్కడ వేస్తారో, వచ్చే బుధవారం ఎక్కడ వేస్తారో అడగండి. ఆ దినానికి పనిని ముందే సర్దుకోండి.

రెండోది: “ఒకటి తప్పింది కదా, ఇక అంతా పోయింది” అనుకోవద్దు. ఇది చాలా మంది చేసే పొరపాటు. తప్పిన సూదిని తర్వాత వేయించుకోవచ్చు. మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టరు. ఆగిన చోటు నుంచే సాగుతుంది. తట్టు సూది తొమ్మిది నెలలకు తప్పితే, అయిదేండ్లు నిండే లోపల ఎప్పుడు పోయినా వేస్తారు. అట్లాగని అయిదేండ్లు ఆగవద్దు. ఆగినన్ని దినాలూ బిడ్డ గొడుగు లేకుండా ఉన్నట్టే.

మూడోది: ఆలస్యమైతే నర్సమ్మ కోప్పడుతుందని సిగ్గుపడి ఇంట్లో ఉండిపోవద్దు. ఒక మాట అంటే పడదాం. మాట ఒక నిమిషంలో పోతుంది.

నాలుగోది: బిడ్డకు కొంచెం జలుబు ఉందని మీ అంతట మీరే ఆపవద్దు. తీసుకుపోయి చూపించండి. వేయాలో వద్దో వాళ్లే చెప్తారు.

వెనుక కూర్చున్న అన్నలారా! ఒక మాట మీకు. టీకాల కార్డు మీద తల్లి పేరు ముందు ఉంటుంది నిజమే. కాని బిడ్డను ఎత్తుకొని పోవడానికి తండ్రి చేతులూ పనికి వస్తాయి. రాత్రి మగ్గం నడిపినవాడు పొద్దున అంగన్వాడీ దాకా నడవలేడా?

కార్డు తీయండి

చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు అని సామెత. మన చేతుల్లో ఎప్పుడూ తునికాకు ఉంటుంది గాని, కాలిన చేతికి అది మందు కాదు. కాలక ముందే జాగ్రత్త పడాలి.

ఇవాళ ఇంటికి పోగానే ఒక పని చేయండి. పెట్టెలోనో, బియ్యం డబ్బా కిందనో పెట్టిన టీకాల కార్డు తీయండి. ఎవరినీ అడగకుండా మీరే చదవండి. మూడు సంగతులు చూడండి. బిడ్డ పుట్టిన తేదీ ఏది? వేసిన టీకాలు ఏవి? రాబోయే టీకా ఎప్పుడు? ఆ తేదీని గోడ మీద క్యాలెండర్‌లో గీత గీసి పెట్టుకోండి. అదే వారంలో బీడీలు అప్పజెప్పే దినానికి కూడా గీత గీయండి. రెండు గీతలు ఒకే దినం పడితే, ఆ మాట పక్కింటి అక్కకు ఇవాళే చెప్పండి. ముందు దినం రాత్రి దాకా ఆగవద్దు.

అక్షరాలు నేర్చుకున్నది సంతకం కోసమే కాదు. బిడ్డ కార్డు బిడ్డ తల్లే చదువుకోవడానికి.

ఇక మీరు చెప్పండి. మీ వాడలో టీకా దినం పని దినం మీద పడితే ఎవరు ఎవరికి బదులు పోతారు? ఇక్కడే కూర్చొని, ఇప్పుడే మాట్లాడుకోండి.